కలవనివ్వని జంట, కలిసీ గట్టెక్కని జంట

డిష్ నెట్‌వర్క్ నిలుస్తుందా, చివరికి డైరెక్‌టీవీలో కలిసిపోతుందా అన్న ప్రశ్న అమెరికా టీవీ వ్యాపారంలో ఇరవై ఏళ్లకు పైగా నలుగుతోంది. డిష్ టీవీ బతుకుతుందా, ఎవరి చేతికి పోతుందా అన్న మన ప్రశ్న అంత పాతది కాదు గానీ వయసుకు మించిన అలసట దానిలోనూ ఉంది. పేర్లలో పోలిక తప్ప ఈ రెండు సంస్థలకూ చుట్టరికం లేదు. మొదటిది కొలరాడోలో చార్లీ ఎర్గెన్ పెంచినది. రెండోది సుభాష్ చంద్ర కుటుంబం జీ చానెళ్ల పక్కన నాటినది. రీచార్జ్ మెసేజ్‌లు, వాన పడితే నిలిచిపోయే బొమ్మ, మేడ మీద తుప్పు పట్టిన పాత డిష్, ఇవన్నీ తెలుగు పాఠకులకు ఇంటి సంగతులు. అందుకని అమెరికా వైపు కాస్త ఎక్కువసేపు నిలబడతాను. అక్కడి మనవాళ్లలో చాలామందికి ఆ వైపు కూడా తెలిసిందే. యప్‌టీవీ లాంటివి ఇంటర్నెట్‌లో ఇంటింటికీ చేరక ముందు, తెలుగు చానెళ్ల కోసం డిష్ నెట్‌వర్క్ ప్యాక్ పెట్టించుకున్న తరం ఒకటుంది.

ఎర్గెన్‌ది జూదగాడి చరిత్ర. అలంకారంగా అనడం లేదు: లేక్ తాహో కాసినోలో పేకముక్కలు లెక్కపెడుతున్నాడని ఆయన్ని నిజంగానే బయటికి పంపారు. 1980లో భార్య కాండీతో, స్నేహితుడు జిమ్ డిఫ్రాంకోతో కలిసి పెద్ద పెద్ద సీ-బ్యాండ్ డిష్‌లు అమ్మడంతో మొదలుపెట్టి, 1995 డిసెంబరులో చైనా రాకెట్ మీద సొంత ఉపగ్రహాన్ని పైకి పంపి, 1996లో డిష్ నెట్‌వర్క్ తెరిచాడు. అప్పటికే డైరెక్‌టీవీ రంగంలో ఉంది. జనరల్ మోటార్స్ కిందున్న హ్యూస్ సంస్థ 1994లోనే దాన్ని ప్రారంభించింది. అంటే అమెరికాలో ఒకరు కార్ల కంపెనీ బిడ్డ, మరొకరు ఊళ్లు తిరిగి అమ్ముకున్న మనిషి. ఒకరు ఖరీదైన ఆటలు చూపిస్తే మరొకరు బిల్లు తగ్గించి చూపించారు.

మన దగ్గర పుట్టుకకు ముందే నిషేధం ఉంది. స్టార్ వారు ఐస్కైబీ పేరుతో ఇంటికే నేరుగా ప్రసారాలు ఇవ్వాలని చూస్తే 1997లో ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. 2000లో గానీ తలుపు తెరవలేదు. 2003లో తొలి ప్రైవేటు డీటీహెచ్‌గా డిష్ టీవీ వచ్చేసరికి కేబుల్ తీగ ప్రతి సందులోకీ దూరి కూర్చుంది. అమెరికాలో ఉపగ్రహ టీవీకి కేబుల్ చేరని పల్లె పుట్టినిల్లయితే, ఇక్కడ కేబుల్ ఉన్న వీధిలోనే, ఆపరేటర్‌తో విసిగినవాళ్ల మేడల మీద అది బతకాల్సి వచ్చింది. ఆ తర్వాత అయిదారేళ్లలోనే దూరదర్శన్ ఉచిత డిష్, టాటా స్కై, సన్ డైరెక్ట్, రిలయన్స్ బిగ్ టీవీ, ఎయిర్‌టెల్, వీడియోకాన్ వరసగా దిగాయి. అక్కడ ఇద్దరి పోరు, ఇక్కడ సంత.

ఈ సంతలో ఎవరికీ ప్రత్యేకమైన సరుకు లేదు. రెండు దేశాల మధ్య అసలైన తేడా ఇదేనని నా అభిప్రాయం. డైరెక్‌టీవీ చేతిలో ఎన్‌ఎఫ్‌ఎల్ సండే టికెట్ ఉండేది. తమ ఊళ్లో రాని ఫుట్‌బాల్ మ్యాచ్‌లన్నీ ఆదివారం చూడాలంటే 1994 నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు ఇళ్లలో అదే దిక్కు. 2023లో అది యూట్యూబ్‌కు పోయింది. ఆ డిష్ గోడ మీద ఎందుకుండాలో చెప్పే గట్టి కారణం ఒకటి దానితోపాటే పోయింది. మన నియమాల ప్రకారం మాత్రం ఒక చానెల్ ఒకరికిస్తే అడిగిన అందరికీ ఇవ్వాలి. జెమినీ సన్ డైరెక్ట్‌కే సొంతం కాదు, జీ తెలుగు డిష్ టీవీకే సొంతం కాదు. ప్రేక్షకుడికి ఇది మేలు, సందేహం లేదు. అయితే కంపెనీల మధ్య తేడా అంతా ధరలోనూ, ఫోనెత్తే కస్టమర్ కేర్‌లోనూ మిగిలింది. 2019 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చి, వంద చానెళ్లకు 130 రూపాయలు, పైన జీఎస్టీ అని కట్టడి పెట్టాక ఆ తేడా కూడా సన్నబడింది. ఒకరికి సొంత సరుకు ఉండి చేజారింది, మరొకరికి సొంత సరుకు అనేదే లేదు. చందాదారు మాత్రం ఇద్దరి దగ్గరా ఒకే తీరున లేచిపోయాడు.

విలీనాల సంగతికి వద్దాం. 2001 అక్టోబరులో ఎర్గెన్ తనకన్నా పెద్దదైన డైరెక్‌టీవీని సుమారు 2,600 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదుర్చుకున్నాడు. రూపర్ట్ మర్డాక్ కన్నేసిన సరుకును లాక్కుపోయాడు కూడా. ఆయన వాదనను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. రెండు కంపెనీలూ అవే చానెళ్లను వేర్వేరు ఉపగ్రహాల నుంచి రెండుసార్లు కురిపిస్తున్నాయి. ఒకటైతే ఆ జాగా మిగులుతుంది, మిగిలిన జాగాలో దేశంలోని 210 టీవీ మార్కెట్లకూ వాళ్ల వాళ్ల స్థానిక చానెళ్లు ఇవ్వొచ్చు. ప్రభుత్వ వాదనా అంతే బలమైనది. కేబుల్ వెళ్లని పల్లెలో ఇవాళ ఇద్దరున్నారు, రేపు ఒక్కడే ఉంటాడు, వాడు చెప్పిందే ధర. 2002 అక్టోబరులో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సభ్యులంతా ఒక్కమాటగా కాదన్నారు, న్యాయశాఖ కోర్టుకెక్కింది. డిసెంబరులో ఒప్పందం రద్దయి, ఎర్గెన్ 60 కోట్ల డాలర్లు పరిహారంగా కట్టి తప్పుకున్నాడు. మరుసటి ఏడే మర్డాక్ డైరెక్‌టీవీ పగ్గాలు పట్టాడు.

ఆ పల్లె వాదన మనకు అంత దూరపుదేమీ కాదు. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే ఎంఎస్‌ఓలు టీవీ9నూ ఏబీఎన్ ఆంధ్రజ్యోతినీ ఆపేసినప్పుడు హైదరాబాద్‌లో చాలామందికి మేడ మీది డిష్ విలువ తెలిసింది. చానెల్ నచ్చడం, నచ్చకపోవడం వేరే సంగతి. ఇంట్లోకి దారి ఒక్కటే ఉంటే ఆ దారి కాపలావాడే సంపాదకుడవుతాడు. అమెరికన్ న్యాయశాఖ ధర గురించి భయపడింది, మనం వార్త గురించి భయపడ్డాం. భయానికి మూలం మాత్రం ఒకటే.

అమెరికాలో కలవనివ్వలేదు. మన దగ్గర కలవనిచ్చారు. 2016 నవంబరులో డిష్ టీవీ, వీడియోకాన్ డీ2హెచ్ విలీనం ప్రకటించాయి, 2018 మార్చిలో అది పూర్తయింది. రెండు కోట్ల డెబ్భై లక్షలకు పైగా చందాదారులు, దేశంలో అతి పెద్ద డీటీహెచ్. ఎర్గెన్ కలగన్నది ఇక్కడ ఎవరూ గట్టిగా అడ్డుపడకుండానే జరిగిపోయింది. మరి జాగా మిగిలిందా? ఇక్కడే ఇంజనీరింగ్ అడ్డం తిరుగుతుంది. డిష్ టీవీ ఉపగ్రహాలు తూర్పు రేఖాంశం 95 డిగ్రీల దగ్గర, డీ2హెచ్ వాడే ఉపగ్రహం 88 డిగ్రీల దగ్గర. ఒక ఉపగ్రహాన్ని వదిలెయ్యాలంటే కోటికి పైగా మేడలెక్కి డిష్‌లు తిప్పాలి, చాలాచోట్ల సెట్‌టాప్ బాక్స్ మార్చాలి. ఆ ఖర్చుకు ఏ లెక్కలవాడూ సంతకం పెట్టడు. అందుకే విలీనం తర్వాత కూడా రెండు పేర్లూ రెండు ఉపగ్రహాలూ అలాగే నడిచాయి. ఆఫీసులు కలిశాయి, ఆకాశం కలవలేదు. అదే ఏడాది వీడియోకాన్ గ్రూపు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. విలీనమైన కంపెనీ వాటా ఒకప్పుడు మార్కెట్లో మూడో వంతు దాటి ఉండేది. ఇప్పుడది అయిదో వంతు దగ్గరికి జారింది.

వ్యాపార పేజీలు రాసేవారు ఈ ఉదాహరణను ఎందుకో తక్కువగా తలుచుకుంటారు. డిష్-డైరెక్‌టీవీ కలిస్తే బతుకుతాయని వాదించేవారికి, ఎయిర్‌టెల్-టాటా కలిస్తే గట్టెక్కుతాయని రాసేవారికి కూడా, కళ్లెదుట జరిగిన ప్రయోగం అది. విలీనం ఖర్చు తగ్గిస్తుందే గానీ ప్రేక్షకుణ్ణి వెనక్కి తీసుకురాదు. రెండు కారే కుండల నీళ్లు మూడో కారే కుండలో పోసినట్టే.

అమెరికాలో రెండో అంకం 2024 సెప్టెంబరు చివర్లో. ఈసారి పాత్రలు తారుమారు. కొనేది డైరెక్‌టీవీ, అమ్మేది ఎర్గెన్, ధర ఒక్క డాలరు. దాంతోపాటు దాదాపు 975 కోట్ల డాలర్ల అప్పు నెత్తికెత్తుకోవాలి. ఆ మధ్యలో డైరెక్‌టీవీ కూడా చితికింది. 2015లో ఏటీ అండ్ టీ 4,850 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది, ఆరేళ్లకే 1,625 కోట్ల విలువకు దిగింది. డిష్ అయితే ఒకప్పటి కోటీ నలభై లక్షల ఇళ్ల నుంచి అరవై లక్షల లోపుకి వచ్చేసింది. 2002లో గుత్తాధిపత్యం అని కేకలు పెట్టిన ప్రభుత్వం ఈసారి నోరెత్తేలోపే ఒప్పందం చెడింది. చెడగొట్టింది బాండ్లు పట్టుకున్నవాళ్లు. రావలసిన దానిలో 150 కోట్ల డాలర్లకు పైగా వదులుకోమంటే కుదరదన్నారు, నవంబరులో డైరెక్‌టీవీ చేతులు దులుపుకుంది. ఈ విలీనం తప్పదని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన ఎర్గెన్‌కు ఇది రెండో భంగపాటు.

అలాగే మన దగ్గర 2025 ఫిబ్రవరిలో, టాటా ప్లేతో (పాత టాటా స్కైతో) కలిసే విషయం మాట్లాడుతున్నామని ఎయిర్‌టెల్ స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. మే మొదట్లో ఆ చర్చలు ముగిసిపోయాయని, తృప్తికరమైన పరిష్కారం దొరకలేదని మళ్లీ తెలిపింది. అంతకు ఆరేళ్ల ముందు ఇదే ఎయిర్‌టెల్ పేరు డిష్ టీవీతో ముడిపెట్టి రాశారు, అదీ కాలేదు. పుకారు నిజమవలేదని విలేకరులను తప్పుపట్టను. రెండు బలహీనతలను పక్కపక్కన చూడగానే కలపాలనిపించడం పెళ్లిళ్ల పేరయ్యలకే కాదు, విశ్లేషకులకూ ఉన్న అలవాటు.

ఇక అప్పుల కథలో ఇద్దరి దారులు విడిపోయి మళ్లీ కలుస్తాయి. ఎర్గెన్ టీవీ డబ్బుతో ఏళ్ల తరబడి స్పెక్ట్రమ్ కొని దాచాడు. టీవీ చిక్కిపోయినా ఆ తరంగాలు మిగిలాయి. 2025లో వాటిలో ఒక భాగాన్ని ఏటీ అండ్ టీకి సుమారు 2,300 కోట్ల డాలర్లకు, ఇంకో భాగాన్ని స్పేస్ ఎక్స్‌కు సుమారు 1,700 కోట్లకు అమ్మే ఒప్పందాలు చేసుకున్నాడు. డిష్ నెట్‌వర్క్ భవిష్యత్తు ఇప్పుడు ఆయన సామ్రాజ్యంలో ఒక మూల గది సమస్య. మనవైపు సుభాష్ చంద్ర సోదరుడు జవహర్ గోయల్ నడిపిన డిష్ టీవీకి అలాంటి పెట్టె ఏదీ లేదు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లు 2020లో యెస్ బ్యాంకు చేతికి పోయాయి. నాలుగో వంతు వాటాతో బ్యాంకే అతి పెద్ద వాటాదారు అయింది. ఇది చాలదన్నట్టు ఆ ఏడాది చివర్లోనే పాత లైసెన్సు ఫీజు బకాయిలంటూ ప్రభుత్వం నాలుగు వేల కోట్ల రూపాయలు దాటిన నోటీసు పంపింది. బోర్డును మార్చాలని బ్యాంకు, కుదరదని కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగాయి. 2022లో గోయల్ పునర్నియామకాన్ని వాటాదారులు ఓడించారు. ఆ తర్వాత బ్యాంకు వాటా జేసీ ఫ్లవర్స్ అనే ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు వెళ్లింది. కొలరాడోలో యజమాని మిగిలి టీవీ తరిగింది, నోయిడాలో యజమానే తరిగిపోయాడు. కానీ రెండు చోట్లా చివరి మాట చెప్పింది అప్పు పత్రం పట్టుకున్నవాళ్లే. చందాదారుణ్ణి ఎవరూ అడగలేదు, న్యాయంగా చెప్పాలంటే అతడూ పట్టించుకోలేదు.

అతడు ఎక్కడికి పోయాడన్నదానిలో దేశాల రంగు తెలుస్తుంది. అమెరికన్ యూట్యూబ్ టీవీకో, నెట్‌ఫ్లిక్స్‌కో పైమెట్టుకు ఎక్కాడు. మన ప్రేక్షకుడు రెండు దిక్కులా చీలాడు: పట్నంలో ఫైబర్ వైపు, పల్లెలో నెలసరి బిల్లు లేని డీడీ ఫ్రీ డిష్ వైపు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఏపీ ఫైబర్‌నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ప్రైవేటు డిష్‌కు ఇటు గొయ్యి, అటు నుయ్యి అయింది. ఫ్రీ డిష్‌కు లైసెన్సు ఫీజు లేదు, ప్రైవేటువారికి ఉంది. 2023లో ట్రాయ్ ఆ ఫీజును దశలవారీగా సున్నా చెయ్యమని సిఫారసు చేసింది. డీటీహెచ్ చందాదారులు 2020లో ఏడు కోట్లు, 2025 మార్చికి 5.7 కోట్లు. అమెరికా జారుడుతో పోలిస్తే ఇది నెమ్మదే. ఇంకా కొన్నేళ్లు డబ్బు రాల్చగల వ్యాపారమే. మన వార్తల్లో వినిపించే చావు డప్పు అమెరికా నుంచి అరువు తెచ్చుకున్నదని నాకొక అనుమానం.

నేనైతే ఊహాగానాలు రాసేవారి కన్నా ఉపగ్రహాలు కొనేవారి మాట ఎక్కువ నమ్ముతాను. 2018లో డైరెక్‌టీవీ యాజమాన్యం, అప్పుడు ఏటీ అండ్ టీ, చివరి ఉపగ్రహం తయారీ అయిపోయింది, ఇక కొనం అన్న అర్థంలో బాహాటంగానే చెప్పేసింది. డిష్ మాత్రం 2023లో ఎకోస్టార్-25 అనే కొత్త ఉపగ్రహానికి ఆర్డరిచ్చింది. మన దగ్గర 2022 జూన్‌లో కౌరూ నుంచి ఎగిరిన జీశాట్-24 సామర్థ్యం మొత్తాన్ని టాటా ప్లే అద్దెకు తీసుకుంది. దాని ఆయుష్షు పదిహేనేళ్లు. 2037 దాకా పనిచేసే యంత్రానికి అద్దె కట్టేవారు రేపో మాపో దుకాణం మూసేద్దామనుకునే మనుషులు కారు. ఎయిర్‌టెల్‌తో బేరం తెగకుండానే చర్చలు ముగిశాయంటే, ఆ అద్దె ఒప్పందాన్ని మించిన వివరణ నాకు దొరకలేదు.