నాలుగు సెకన్లు

అవార్డుల వేడుకల్లో నేను కుదురుగా కూర్చుని చూసేది నివాళి వీడియో ఒక్కటే. మస్కట్‌లోని అజైబాలో ఉద్యోగం, సంసారం పోగా మిగిలిన టైములో, మా తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమానికి ఏటా అలాంటి వీడియో కూర్చే పని నాది. కాబట్టి ఆ వీడియో కూర్చినవాడు ఎక్కడ తప్పించుకున్నాడో, ఎక్కడ దొరికిపోయాడో ఇట్టే తెలుస్తుంది.

2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. మర్నాటి నుంచే ఇక్కడ రంజాన్. ఆ నెలలో పాటలూ డాన్సులూ కుదరవు కనక ముందు శుక్రవారమే పండగ కానిచ్చేశాం. దానికి ముందు ఆరు నెలలూ తెలుగు సినిమాకి ఎంత పాడుకాలమో గుర్తుందిగా. సెప్టెంబర్ 11న కృష్ణంరాజు, నవంబర్ 15న కృష్ణ, డిసెంబర్‌లో వెంటవెంటనే కైకాల, చలపతిరావు, జనవరి 27న జమున, ఫిబ్రవరి 2న విశ్వనాథ్, 4న వాణీ జయరాం, 18న తారకరత్న.

మనిషికి నాలుగు సెకన్లు, పోయిన తేదీల వరస, పేరు కింద చేసిన పని. ఇదీ నేను పెట్టుకున్న లెక్క. కమిటీలో తెనాలి ఆయన ఒకరున్నారు. "కృష్ణగారికి నాలుగు సెకన్లేంటండీ? ఇరవై అన్నా ఇవ్వండి. చివర్లో ఆయన వస్తే హాలంతా లేచి నిలబడుద్ది" అన్నారు. నిజమే, నిలబడుతుంది. వచ్చిన చిక్కల్లా అదే. ఆ తర్వాత ఇంకెవరి బొమ్మ వేసినా చప్పట్లు తగ్గుతాయి, పోయినవాళ్ళకి మార్కులు వేసినట్టుంటుంది.

2013 ఎమ్మీ అవార్డుల్లో ఈ గొడవే జరిగింది. ఐదుగురికి మాత్రం విడిగా నివాళులు పెట్టారు. వాళ్ళలో 31 ఏళ్ళకే పోయిన 'గ్లీ' నటుడు కోరీ మోంటీత్ ఒకడు. మూడు ఎమ్మీలు గెలిచిన జాక్ క్లగ్‌మన్‌ని అందరితో పాటు గుంపులో కలిపేశారు. ఆయన కొడుకు బాహాటంగానే బాధపడ్డాడు. కుర్రవాడి చావు జనాన్ని ఎక్కువ కదిలిస్తుంది, కాదనను. కానీ అది టీవీ లెక్క, నివాళి లెక్క కాదు.

2022లో ఆస్కార్, గ్రామీ రెండూ లతా మంగేష్కర్‌ని వదిలేశాయి. బాఫ్టా మాత్రం తల్చుకుంది. మనవాళ్ళకి ఒళ్ళు మండింది. మరుసటేడు 'నాటు నాటు' కోసం మస్కట్‌లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చున్నాం. ఆ ఆస్కార్ నివాళిలో హాలీవుడ్ నటుడు పాల్ సోర్వినోకే చోటు దొరకలేదు. మిగతా పేర్లు కావాలంటే ఫోన్‌తో స్కాన్ చేసుకోమని తెరమీద ఓ కోడ్ వేశారు. హోటల్లో మెనూకి వేసినట్టు! సొంత మనుషులకే దిక్కులేని చోట మనవాళ్ళు లేరని ఏం అలుగుతాం?

మన సంగతి చూడండి. విశ్వనాథ్ పోయిన రోజే దర్శకుడు సాగర్ కూడా పోయారు. వి.వి. వినాయక్, శ్రీను వైట్ల లాంటివాళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. మా హాల్లో ఎంతమందికి తెలుసు? ఫిబ్రవరి 21న ఎడిటర్ జి.జి. కృష్ణారావు పోయారు. 'శంకరాభరణం', 'సాగర సంగమం' కూర్పు ఆయనదే. తేదీల వరస కాబట్టి, ఎక్కడైనా పెద్ద స్టార్ కోసం అట్టిపెట్టే ఆఖరి చోటు మా వీడియోలో ఆయనకి దక్కింది. ఫొటోకే పెద్ద తంటా. దొరికినది తపాలాబిళ్ళంత. తెరకి సరిపడా లాగితే మొహం అలుక్కుపోయింది. చివరికి ఫొటోని నల్లతెర మధ్య చిన్నగానే ఉంచి, పేరు మాత్రం వెనక వరసకి కూడా కనపడేంత అక్షరాలతో వేశాను. ఆ రోజు హాలు లేచి నిలబడలేదు. "ఓహో, ఈయనా!" అని అక్కడక్కడా వినపడింది.

సెకన్ల లెక్క తేలిగ్గానే తేలుతుంది. జాబితాలోకి ఎవరు రావాలన్నదే తేలదు. కోరస్‌లో పాడినవాళ్ళు, గుంపులో ఆడినవాళ్ళు, ఊరూరా పద్యనాటకాలు ఆడినవాళ్ళు పోతే జిల్లా పేజీలో రెండు లైన్లు వస్తే గొప్ప. మస్కట్ దాకా ఆ కబురు ఎట్లా వస్తుంది? అందుకని ఇప్పుడు జాబితాని రెండు వారాల ముందే వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను, ఎవరికి తెలిసిన పేరు వాళ్ళు చేర్చమని. పేర్లు వస్తున్నాయి, ఫొటోలే రావడం లేదు. తెనాలి ఆయన మాత్రం ఇంకా ఇరవై సెకన్ల దగ్గరే ఉన్నారు.