విన్నవారే తేల్చాలి

ప్రభుత్వ ఉత్తర్వు చేతికి రాగానే కక్షిదారు అడిగేది ఒక్కటే: ఇది న్యాయమేనా అని. ఆ ప్రశ్ననే ఉన్నదున్నట్టు రిట్ పిటిషన్‌లోకి ఎక్కిస్తే కేసు నిలబడటం కష్టం. న్యాయసమీక్షలో కోర్టు అప్పీలు వింటున్నట్టు కూర్చోదనీ, నిర్ణయం మంచిచెడ్డల జోలికి పోకుండా ఆ నిర్ణయానికి వచ్చిన పద్ధతిని చూస్తుందనీ 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీన్ని కోర్టులకు వేసిన సంకెలగా భావించే న్యాయవాదులున్నారు. నేను అలా అనుకోను. పౌరుడికి అధికారం ముందు నిలబడి జవాబు అడిగే హక్కు ఈ పద్ధతి పట్టింపు వల్లనే దక్కింది. అందుకు గట్టి సాక్ష్యం మన కృష్ణా జిల్లా బస్సుల కేసు.

1939 మోటారు వాహనాల చట్టంలో 1956లో చేర్చిన 4-ఎ అధ్యాయం బస్సు రూట్లను జాతీయం చేసే దారి తెరిచింది. స్కీమును ఆమోదించే ముందు అభ్యంతరాలు వినాలనీ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ కృష్ణా జిల్లాకు స్కీము ప్రకటించినప్పుడు ప్రైవేటు బస్సుల యజమానుల వాదన విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. ఆమోదం తెలిపింది ముఖ్యమంత్రి. ఏఐఆర్ 1959 సంపుటిలో అచ్చయిన గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు మెజారిటీ తీర్పులో, అంతకుముందు ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు ఈ ఏర్పాటును తప్పుపట్టారు. వినేవారొకరు, తేల్చేవారొకరు అయితే విచారణ ఉత్త తతంగమే. ఎదుట నిలిచి వాదించేవాడు అధికారి సందేహాన్ని అక్కడికక్కడే తీర్చగలడు. కాగితం మీది సారాంశానికి ఆ శక్తి లేదు. పైగా వివాదంలో ఒక పక్షమైన శాఖకు అధిపతే ఆ కార్యదర్శి. తన తగువుకు తానే తీర్పరి కాకూడదన్న సూత్రమూ అక్కడ దెబ్బతింది.

ఆ గెలుపుతో యజమానులకు ఒరిగిందేమిటని అడగవచ్చు. మళ్లీ విచారణ జరిగింది, స్కీముకు మళ్లీ ఆమోదం లభించింది. పక్షపాతం ఉందన్న వాదన రెండో గుళ్లపల్లి తీర్పులో నెగ్గలేదు: కార్యదర్శి శాఖలో భాగమనీ, మంత్రి ఆ శాఖ పనులకు బాధ్యుడు మాత్రమేననీ కోర్టు తేడా చూపింది. ఆ తేడా నాకు పూర్తిగా మింగుడుపడదు. రాజకీయంగా ఒక విధానానికి కట్టుబడిన వ్యక్తి మనసు తెరిచి వింటాడనుకోవడం కష్టమే. అయినా మొదటి తీర్పు వృథా పోలేదు. అభ్యంతరం ఈసారి తేల్చే వ్యక్తి చెవినే పడింది. నిర్ణయం ఎవరిదో తెలిసింది, దానికి జవాబు చెప్పవలసింది ఎవరో కూడా తెలిసింది. ఫలితం మారకపోయినా పౌరుడికి ఇది చిన్న లాభం కాదు.

కారణాల సంగతీ ఇంతే. బొంబాయి పోలీసు కమిషనర్ ఒక సినిమా హాలు అనుమతిని రద్దు చేసిన గోర్ధన్‌దాస్ భాంజీ కేసులో, ఉత్తర్వును అందులోని మాటలను బట్టే చదవాలనీ, అధికారి తర్వాత ఇచ్చే వివరణను బట్టి కాదనీ సుప్రీంకోర్టు 1951లోనే తేల్చింది. మొహిందర్ సింగ్ గిల్ కేసులో ఆ సూత్రం మరింత గట్టిపడింది: ఉత్తర్వులో లేని కారణాన్ని అఫిడవిట్‌తో తెచ్చి అతికించడం కుదరదు. అందుకే పిటిషనర్ తరఫు న్యాయవాది ఉత్తర్వునూ కౌంటర్‌నూ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చాలి. కౌంటర్‌లో మాత్రమే కనిపించే కారణం ప్రభుత్వానికి బలం కాదు, ఉత్తర్వులోని లోటుకు రుజువు. ఇంకొకరి ఆదేశానికి తలొగ్గి అధికారి సంతకం చేశారా అన్నది కూడా ఫైలు తెప్పిస్తేనే బయటపడుతుంది.

ఇలా అడుగడుగునా పట్టుకుంటే పాలన కుంటుపడుతుందన్న విమర్శలో కొంత నిజం ఉంది. కోర్టులూ దాన్ని గుర్తించాయి. నోటీసులోనో విచారణలోనో లోపం ఉన్నంత మాత్రాన ఉత్తర్వు పోదనీ, దానివల్ల నష్టం జరిగిందని చూపాలనీ సుప్రీంకోర్టు 2020లో సుధీర్ కుమార్ సింగ్ కేసులో చెప్పింది. కాబట్టి సహజ న్యాయం ఉల్లంఘన అని ఒక్క మాట రాసి ఊరుకుంటే చాలదు. అవకాశం ఇచ్చి ఉంటే కక్షిదారు ఏ పత్రం చూపేవారో, ఏ వాస్తవాన్ని సరిదిద్దేవారో పిటిషన్‌లోనే రాయాలి. పాలన ఆలస్యానికి అసలు మందు మాత్రం ప్రభుత్వ ప్లీడర్ల చేతిలో ఉంది. కారణం లేని ఉత్తర్వును కౌంటర్‌తో కాపాడబోయి ఏళ్లు గడపడం కన్నా, దాన్ని వెనక్కి తీసుకుని, విని, కారణాలు రాసి కొత్త ఉత్తర్వు ఇవ్వమని శాఖకు మొదటి వాయిదాలోపే సలహా ఇవ్వండి.