దండనీతికి తెరచిన వాకిలి

పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన సంస్కృత ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన మితాక్షరను తెలుగు పద్యాలలోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయంగా మనకందించిననాడే, వ్యవహారధర్మం ఆ ధర్మానికి బద్ధుడై బ్రతికే సామాన్యునికి అతని పలుకుబడిలోనే అందవలసిన విద్య అన్న ఉదాత్తమైన సంప్రదాయం మన వాఙ్మయంలో పాదుకొన్నది. కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కళాశాలలో చిరకాలంగా క్రిమినల్ జస్టిస్ బోధిస్తూ, ఆ పాఠాల సారాన్ని అక్కడి మన కుటుంబాల కోసమూ ఇక్కడి జిజ్ఞాసువుల కోసమూ తెలుగులో ఈ గ్రంథంగా రూపొందించిన చిరంజీవిని నేను ఆ సంప్రదాయానికి చెందిన వ్యక్తిగానే భావిస్తున్నాను. మన ఇళ్ళలో పిల్లల చదువు ప్రస్తావన రాగానే ఇంజనీరింగూ వైద్యమూ ముందు పీట వేసుకుని కూర్చుంటాయి. నేరాన్నీ, న్యాయాన్నీ, దండనాన్నీ శాస్త్రీయంగా పరిశీలించే విద్య ఒకటి ఉన్నదనీ, అది రెండేళ్ళ అధ్యయనంతోనే గౌరవప్రదమైన జీవికకు త్రోవ చూపగలదనీ మన తల్లిదండ్రులకు మన భాషలో విశదంగా చెప్పవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

ఈ విద్యకు ఆశ్రయమిచ్చిన కళాశాలల వంశక్రమాన్ని తొలి అధ్యాయం వివరిస్తుంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన జూనియర్ కళాశాల, ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన ఉన్నతవిద్యా సంఘం 1947లో వెలువరించిన నివేదికతో అమెరికా దేశమంతటా బలపడిన కమ్యూనిటీ కళాశాల అన్న భావన, పగలు దుకాణంలోనో గిడ్డంగిలోనో పనిచేసి సాయంకాలం తరగతికి వచ్చే విద్యార్థికి సైతం తలుపు తెరచి ఉంచే ప్రవేశవిధానం, ఇవన్నీ అక్కడ క్లుప్తంగా, స్పష్టంగా ఉన్నాయి.

నా మనస్సును ఎక్కువగా ఆకర్షించినది రెండవ అధ్యాయం. కళాశాల గడప తొక్కని ఒక మనిషి, ఆగస్ట్ వోల్మర్, ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి, 1905లో బర్క్‌లీ పట్టణానికి మార్షల్‌గా ఎన్నికై, రక్షకభటునికి భుజబలం కంటె బుద్ధిబలం ముఖ్యమని నిశ్చయించుకొని, 1908లో తన సిబ్బందికే ఒక పాఠశాల స్థాపించి, 1916 నాటికి ఆ విద్యను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వేసవి తరగతులలోకి చేర్చిన వృత్తాంతాన్ని గ్రంథకర్త్రి భక్తితోనూ సంయమనంతోనూ చెప్పింది. 1930లో శాన్ హోసేలోని ఉపాధ్యాయ కళాశాలలో పోలీసు విద్య ఆరంభం కావడం, జాన్సన్ అధ్యక్షుడు నియమించిన సంఘం 1967లో పోలీసు ఉద్యోగులందరూ కాలక్రమంలో పట్టభద్రులు కావాలని ఆకాంక్షించడం, మరుసటి ఏడు వచ్చిన చట్టం ద్వారా సమకూరిన ఫెడరల్ ధనసహాయంతో ఇటువంటి కోర్సులు వెల్లువలా పెరగడం ఆ కథకు తరువాయి. ఆ వెల్లువలో నాణ్యత కొట్టుకుపోయిన చోట్లను ఆమె దాచలేదు. ఈ కోర్సులు విద్య అనిపించుకోవడానికి చాలవనీ, ఠాణా శిక్షణకే కళాశాల పేరు తగిలించారనీ 1978లో లారెన్స్ షెర్మన్ నివేదిక చేసిన తీవ్రవిమర్శను ఎదుట పెట్టి, నేటి పాఠ్యక్రమం దానికి ఎంతవరకు సమాధానం చెప్పగలుగుతున్నదో నిష్పక్షపాతంగా తూచింది. ఆత్మీయమైన విషయాన్ని తూకం వేయగలగడం పరిణతికి చిహ్నం.

ఇక బోధనా విధానం. రక్తం అంటిన చొక్కాను ప్లాస్టిక్ సంచిలో మూసివేస్తే లోపలి తేమకు బూజు పట్టి పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు. అందుచేత దాన్ని ఆరనిచ్చి, కాగితపు సంచిలో పెట్టి, మూతికి టేపు అంటించి, టేపుమీదా సంచిమీదా కలిసేటట్లు పొట్టి సంతకమూ తేదీయూ వేసి, ఆ సంచి ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఏ వేళకు మారిందో ప్రతిసారీ నమోదు చేయాలి. ఈ చిన్న క్రియను ఆమె నాలుగు పుటలలో నేర్పింది. అవి వ్యర్థపుటలు కావు. ఒక్క సంతకం లోపిస్తే, న్యాయస్థానంలో ఆ సాక్ష్యమే సందేహాస్పదమై, దోషి విడుదల కావచ్చు. అజాగ్రత్తగా కలిసిపోయిన మరొక సంచివల్ల నిర్దోషి చెరసాల పాలు కావచ్చు. నివేదికారచన మీది ప్రకరణం ఇంతకంటె విలువైనది. ‘అనుమానాస్పదంగా కనిపించాడు’ అని వ్రాసిన విద్యార్థిచేత ఆ వాక్యం కొట్టివేయించి, ‘రాత్రి పదకొండు గంటలకు, మూసి ఉన్న దుకాణం తలుపు గొళ్ళెం రెండుమార్లు లాగి చూశాడు’ అని వ్రాయించడంలో ఒక న్యాయదర్శనమే ఇమిడి ఉన్నది. దారిన పోయే మనిషిని అధికారి నిలపాలంటే మాటలలో పెట్టి చూపగల వాస్తవాలు ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1968 నాటి టెర్రీ తీర్పులో శాసించింది. న్యాయమూర్తి ఎంతటి ధర్మజ్ఞుడైనా, ఆయన ముందుకు వచ్చే కాగితంమీది మొదటి అక్షరాలు ఈ తరగతిలో కూర్చున్న యువకుడో యువతియో వ్రాసినవే. పేద నిందితునికి న్యాయవాదిని సమకూర్చాలన్న గిడియన్ తీర్పునూ, ప్రశ్నించే ముందు నిందితునికి అతని హక్కులు తెలపాలన్న మిరాండా తీర్పునూ కూడా కాబోయే అధికారులు తమ అధికారానికి గల హద్దులుగా చదువుకొనేటట్లు ఆమె బోధించింది.

జీవనోపాధిని గురించిన అధ్యాయం ఆశలు అమ్మదు. సుమారు అరవై యూనిట్ల అసోసియేట్ పట్టంతో అత్యవసర ఫోను కేంద్రంలోనో, కారాగారంలోనో, న్యాయస్థానపు కార్యాలయంలోనో చేరవచ్చు. ప్రొబేషన్ అధికారి పదవికి సాధారణంగా నాలుగేళ్ళ పట్టం కావాలి. కాలిఫోర్నియాలో 2010 నాటి చట్టం ఏర్పరచిన బదిలీ పట్టంతో అక్కడి స్టేట్ యూనివర్సిటీలో మూడవ ఏట చేరవచ్చు. మిన్నెసోటాలో పోలీసు అధికారికి సాధారణంగా కనీసం రెండేళ్ళ పట్టం ఉండాలి. చాలా చోట్ల పూర్వచరిత్ర విచారణ, మానసిక పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష దాటనిదే తుపాకీ చేతికి రాదు. ఫెడరల్ సంస్థల ఉద్యోగాలకు సాధారణంగా ఆ దేశపౌరసత్వం ఉండాలన్న సంగతిని, విద్యార్థి వీసామీద వెళ్ళే మన పిల్లలను ఉద్దేశించి, ఆమె మొదటి పేరాలోనే చెప్పింది. ఆ నిజాయితీని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

ఒక లోటు చెప్పకపోతే పెద్దరికం కాదు. నేరస్థుడూ అధికారీ న్యాయమూర్తీ ఈ గ్రంథంలో నిండుగా ఉన్నారు గాని, నష్టపోయిన మనిషికి దక్కిన చోటు స్వల్పం. బాధితులకు అండగా న్యాయస్థానంలో పక్కన నిలిచే ఉద్యోగులు ఆ దేశంలో ఉన్నారు. ఈ చదువు చదివినవారిలో కొందరు ఆ వృత్తినే ఎంచుకుంటారు. మలిముద్రణలో వారికి ఒక పూర్తి అధ్యాయం కేటాయించవలసిందని గ్రంథకర్త్రిని కోరుతూ, తెలుగు పాఠకలోకం ఈ గ్రంథాన్ని ఆదరించుగాక అని ఆశీర్వదిస్తున్నాను.