ఊరి పేరు చెవితో చదవాలి

గద్వాల దగ్గర ఒక ఊరి బోర్డు మీద ధరూర్ అని ఉంటుంది. పెద్దల నోట మాత్రం అది ధరూరు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదా. 1884లో నిజాం రాజ్యంలో ఉర్దూ పాలనాభాష అయ్యాక, మన ఊళ్లు ఆ లిపిలోనే దఫ్తర్లకెక్కాయి. పొట్టి ఉకారాన్ని ఆ లిపిలో మామూలుగా రాయరు. ర్యాలంపాడు ర్యాలంపాడ్‌గా, నెట్టెంపాడు నెట్టెంపాడ్‌గా మారడానికి అదీ ఒక కారణమే.

అందుకే గద్వాల బస్సెక్కినప్పుడల్లా పక్క సీట్లోని అవ్వను "అవ్వా, మీదే ఊరు?" అని అడుగుతాను. ఆమె ఎట్లా పలికితే అట్లాగే రాసుకుంటాను.

ఈ పనికి నాకు గురువు కేతు విశ్వనాథరెడ్డి. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన కథలతోనే లోకం ఆయనను ఎరుగును. డాక్టరేట్ మాత్రం కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద. సీమ పలుకుబడిని కథల్లోకి అంత నిండుగా తెచ్చిన చెవి ఊళ్ల పేర్లనూ వినడం నాకు సహజంగానే తోస్తుంది. ఎస్.ఎస్. రామచంద్రమూర్తి మరో వైపు నుంచి వచ్చారు: పదమూడో శతాబ్దం దాకా ఉన్న శాసనాల్లోని తెలుగు ఊళ్ల పేర్లను పరిశీలించి 1985లో పుస్తకం వేశారు. నోరూ శాసనమూ రెండూ కావాలి. పేరు వెనక ఊళ్లో ఒక కథ చెప్తారు. దాన్ని రాసుకోవాలి, కానీ పాత రూపం దొరికేదాకా అర్థం తేల్చకూడదు. పేర్లను తరగతులుగా చూసే దారీ ఉంది: పోలెండులో విటోల్డ్ తషిత్స్కి 1946లో స్లావ్ ఊళ్ల పేర్లను తరగతులుగా విడదీశాడు. రాజు కోసం ఒకే చేతిపని చేసే ఊళ్లకు ఆ పని పేరే నిలిచిన తరగతి అందులో ఒకటి.

అట్లా ఒక తరగతిగా మన దగ్గర దొడ్లున్నాయి. గుడ్డెందొడ్డి, తిమ్మన్‌దొడ్డి, సరిహద్దు దాటితే రాయచూరు వైపూ దొడ్లే. పశువుల దొడ్డి చుట్టూ ఊరు కట్టిన కాలం వాటిలో ఉందని నా నమ్మకం. గోదావరి వాళ్లు లంక అనేదాన్ని ఇక్కడ గడ్డ అంటారు. కృష్ణ నడుమ గుర్రంగడ్డ అట్లాంటిదే. జూరాల కట్ట పక్కన రేవులపల్లి ఉంది. ఇప్పుడక్కడ రేవు కన్నా గేట్లే కనిపిస్తాయి.

చేల పేర్లూ రాసుకోవాలి: పాసుబుక్కుల్లో సర్వే నంబరే ఉంటుంది, చేను పేరుండదు. పాలమూరు విశ్వవిద్యాలయం ఒక్కో మండలానికి ఒక్కో విద్యార్థిని పంపినా చాలు. ఊరి పేరు, చేల పేర్లు, వాగుల పేర్లు పెద్దల గొంతులోనే రికార్డు చేయించాలి. మొదలు ధరూరు నుంచే పెట్టమని అడుగుతున్నాను.