చమురుశిలల తెలుగు: కృష్ణాడెల్టా నేపథ్యంలో భూరసాయన పరిభాషా పరిశీలన

వ్యాససంగ్రహం: కృష్ణా-గోదావరి అవక్షేప బేసిన్‌లోని చమురు పుట్టుకను, నిల్వను వివరించే భూరసాయన శాస్త్రపదాలు తెలుగులో ఎలా రూపొందాయి, ఎక్కడ అర్థభ్రాంతికి తావిస్తున్నాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'మాతృశిల', 'జలాశయం', 'పక్వత' వంటి పదాలను శాస్త్రార్థంతోను, డెల్టా వ్యవహారంతోను పోల్చి విమర్శిస్తుంది.

కీలకపదాలు: భూరసాయనశాస్త్రం, పారిభాషిక పదాలు, కేజీ బేసిన్, మాతృశిల, పాకం, రాఘవపురం షేల్.

1. ఉపోద్ఘాతం

విజయవాడ ఖొండలైటు కొండల నడుమ వెలసిన నగరం. ఇంద్రకీలాద్రి రాయి అత్యధిక ఉష్ణపీడనాలకు లోనై ఏనాడో రూపాంతరం చెందింది. అందులో చమురు వెతకడం వృథా. అక్కడినుండి బందరు వైపు దిగితే, మధ్యమధ్య భూగర్భంలో ఎత్తులు అడ్డువచ్చినా, మొత్తంమీద ఒండ్రు కింద అవక్షేపశిలల మందం పెరుగుతుంది. 1978లో నరసాపురంలో ఓఎన్‌జీసీ అన్వేషణ బావి తవ్విన నాటినుండి 'కేజీ బేసిన్' క్రమంగా తెలుగువారి నిత్యవ్యవహారంలోకి వచ్చింది. పేరు వచ్చినంత వేగంగా దాని వెనుకనున్న శాస్త్రం తెలుగులోకి రాలేదు.

ఇది కేవలం భాషాభిమానానికి సంబంధించిన లోపం కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టుల నివేదిక సారాంశం స్థానికభాషలో కూడా ఉండాలి. 2020 జనవరి సవరణతో చమురు, సహజవాయు అన్వేషణ దశ బీ2 వర్గంలోకి మారి, ఆ దశకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పింది. ఉత్పత్తి దశకు ఆ నియమం మిగిలింది. అంటే రైతు తన పొలం కింద ఏముందో అధికారికంగా తెలుగులో చదువుకునే అవకాశమే తగ్గింది. ఉన్న ఆ కొద్ది తెలుగు అర్థం కాకపోతే అతడు అడగవలసిన ప్రశ్న అడగలేడు.

2. జలాశయమా, ఇసుకరాయా?

'నిధి', 'ఊట', 'నిక్షేపం' అనే మాటలు కలిసి పాఠకుడి మనసులో భూమికింద ఒక చమురుచెరువును చిత్రిస్తాయి. 'రిజర్వాయర్' అనే పదం ఆ చిత్రాన్ని మరింత బలపరుస్తుంది. నాగార్జునసాగర్ నీటితో బతికే డెల్టాలో ఆ పదానికి జలాశయం తప్ప వేరే అర్థం స్ఫురించదు. చమురు రిజర్వాయర్ అసలు చెరువే కాదు. అది రేణువుల మధ్య ఖాళీలున్న రాయి. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటేనే చమురు కదులుతుంది. దానిపై షేలు వంటి అభేద్యమైన పొర మూతగా ఉంటేనే నిలుస్తుంది.

నిజానికి ఈ సంగతి డెల్టా రైతుకు కొత్త కాదు. ఫిల్టర్ పాయింట్ బోరు వేయించే ప్రతివాడికీ నీరు ఇసుకపొరలో ఉంటుందని, బంకమట్టి దాన్ని వదలదని తెలుసు. అనువాదకులు ఈ అనుభవాన్ని పక్కనపెట్టి జలాశయాన్ని ఆశ్రయించడం ఆశ్చర్యకరం. 'ఆశయశిల' అనవచ్చు. జలాశయ, గర్భాశయ శబ్దాలలో ఆ ప్రాచీనార్థం బతికే ఉంది. కాని విడిగా 'ఆశయం' అన్నప్పుడు నేటి పాఠకుడికి లక్ష్యమే గుర్తుకొస్తుంది. 'నిల్వశిల' అందంగా లేకపోయినా పని చేస్తుంది.

3. తల్లి ఎవరు?

చమురు ఎక్కడ దొరికింది అన్నది తవ్వకం చెబుతుంది. ఎక్కడ పుట్టింది అన్నది భూరసాయనం చెబుతుంది. 1930లలో ఆల్‌ఫ్రెడ్ ట్రీబ్స్ ముడిచమురులో పత్రహరితానికి సంబంధించిన పార్ఫిరిన్లను గుర్తించడంతో చమురు జీవజన్యమనే వాదానికి రసాయనిక సాక్ష్యం లభించింది. కేజీ బేసిన్‌లో క్రెటేషియస్ కాలపు రాఘవపురం షేలు, పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం బొగ్గు-షేలు పొరలు, ఇయోసీన్ నాటి వాడపర్రు షేలు ఇలాంటి పుట్టినిళ్లుగా గుర్తింపు పొందాయి.

వీటికి 'మాతృశిల' అన్న పేరు సహజంగా తోస్తుంది. చిక్కేమిటంటే భూగోళ పాఠాల్లో మాతృశిల అంటే నేలకు మూలమైన రాయి. రెండు శాస్త్రాలకు ఒకే పదం కావడం మొదటి దోషం. తల్లి అనగానే కనడం ఖాయమనే ధ్వని రెండవది. నల్లని షేలు అంతా చమురును కనదు. సేంద్రియ కర్బనం తగినంత ఉండాలి (సాధారణంగా 0.5 శాతాన్ని కనీసంగా పట్టిస్తారు). కరగని సేంద్రియ పదార్థమైన కెరోజెన్ తగిన రకానిదై ఉండాలి. నేలమొక్కల అవశేషాలు ఎక్కువైన మూడవ రకం కెరోజెన్ ప్రధానంగా వాయువునే ఇస్తుంది. కేజీ బేసిన్ వాయువుకు పేరుపడటంలో దీని పాత్ర ఉంది. ఈ దృష్టితో 'జనకశిల' మెరుగు. షేల్ గ్యాస్ ప్రసంగంలో మాత్రం జనకశిలే నిల్వశిల అవుతుంది. ఏ పరిభాష అయినా అక్కడ పరీక్షకు నిలవాలి.

బయోమార్కర్‌కు 'జీవసూచకం' అన్న అనువాదం వైద్యంతోను, పర్యావరణంతోను కలిసిపోతుంది. 'ఆనవాలు' అంటే చాలు. ఓలియనేన్ పుష్పించే మొక్కల ఆనవాలు. అది చమురులో గణనీయంగా కనిపిస్తే, ఆ మొక్కలు విస్తరించని పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం పొరలను జనకశిలగా చెప్పడం కష్టం.

4. పాకం

జనకశిల పక్వతను చెప్పే భాగంలోనే తెలుగుకు అసలైన బలం ఉంది. అపక్వ, పక్వ, అతిపక్వ దశలను భూరసాయన శాస్త్రజ్ఞులు విట్రినైట్ పరావర్తనంతో కొలుస్తారు. సుమారు 0.6 నుండి 1.3 శాతం వరకు చమురు దశ. చమురు తయారయ్యే లోతైన ప్రాంతాన్ని వారే 'కిచెన్' అని పిలుస్తారు. ద్రాక్షాపాక, కదళీపాక, నారికేళపాకాలను చర్చించిన అలంకారశాస్త్రమూ, లేతపాకం ముదురుపాకం ఎరిగిన వంటిల్లూ ఉన్న భాషకు ఇంతకంటె అనువైన చోటు దొరకదు.

పాకమనే భావన ఒక అనువాద ప్రమాదాన్ని కూడా తప్పిస్తుంది. రాక్-ఎవాల్ పరీక్షలో రాతిపొడిని వేడిచేసినప్పుడు హైడ్రోకార్బన్లు అత్యధికంగా వెలువడే ఉష్ణోగ్రతను టీమాక్స్ అంటారు. 435 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో చమురు దశ మొదలైనట్టు లెక్క. సంఖ్యను మాత్రమే తెలుగు చేస్తే భూమికింద అంత వేడి ఉందని పాఠకుడు పొరబడతాడు. ప్రయోగశాలలో నిమిషాల్లో రగిల్చిన మంట అది. భూగర్భంలో నూరు డిగ్రీల చుట్టుపక్కల సెగ లక్షల, కోట్ల ఏళ్లు సాగుతుంది. 'సన్నని సెగ మీద పాకం' అంటే ఈ తేడా వివరణ లేకుండానే తెలుస్తుంది.

5. ఊరిపేర్ల తిరుగుప్రయాణం

విలియం కింగ్ 1880లో గోదావరి ప్రాంతపు శిలలను వర్ణిస్తూ స్థానిక గ్రామాల పేర్లనే వాటికి పెట్టాడు. ఆంగ్ల వర్ణక్రమంలోకి వెళ్లిన ఆ పేర్లు తెలుగులోకి తిరిగి వచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. నూజివీడు ప్రాంతపు గొల్లపల్లి, కింగ్ రాతను అనుసరిస్తే 'గోలాపిల్లి' అవుతుంది. 'తిరుపతి ఇసుకరాయి' అంటే చదువరి రాయలసీమకు వెళ్లిపోతాడు. ఆ రాయి పేరు చిన్నతిరుపతి అయిన ద్వారకా తిరుమల కొండలది. తెలుగు సారాంశాల్లో దాన్ని 'చిన్నతిరుపతి ఇసుకరాయి' అని రాయడానికి శాస్త్రపరంగా అడ్డేమీ లేదు. ఆ కొండ ఎక్కిన ప్రతి భక్తుడి కాలికింద ఉన్నది ఆ రాయే.