కడుపు మాడ్చకండి

విరేచనాలతో బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి నోట మొదట వచ్చే మాట "సెలైన్ ఎక్కించండి డాక్టరమ్మా". ఆ వెంటనే, "నిన్నటి నుంచి ఏమీ పెట్టలేదమ్మా, పెడితే పోతోంది" అంటుంది. మొదటి మాటకు వార్డంతా కదులుతుంది. రెండో మాట దగ్గర ఆగేవాళ్లు తక్కువ. పిల్లల వార్డులో ఇన్నేళ్ల పని నాకు నేర్పింది ఆ రెండో మాట దగ్గర ఆగడమే.

లంకణం పరమౌషధం అన్నారు పెద్దలు. ఒంట్లో నిల్వలున్న పెద్దవాళ్లకు ఓ పూట చెల్లుతుందేమో గానీ ఏడాది నిండని బిడ్డకు చెల్లదు. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తదవుతుంది. ఆ పొర పెరగాలంటే పేగులోకి తిండి వెళ్తూ ఉండాలి. పస్తు పెడితే పొర పలచబడుతుంది, తర్వాత పెట్టింది అరగదు, మళ్లీ విరేచనాలు. చిక్కిన బిడ్డకు రోగం త్వరగా అంటుకుంటుంది, రోగం వచ్చిన బిడ్డ ఇంకా చిక్కుతుంది. స్క్రిమ్‌షా, టేలర్, గోర్డన్ 1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన గ్రంథంలో ఈ ముడిని విప్పి చెప్పారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎత్తుకు తగ్గ బరువు లేని ఐదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో 21.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం. అంటే మా మంచాల మీదికి వచ్చే పిల్లల్లో చాలామందికి విరేచనాలు పట్టక ముందే ఒంట్లో సత్తువ లేదు.

అందుకే చేర్చుకున్న గంటలోనే తూకం, కొలత కావాలని పట్టుబడతాను. బట్టలు విప్పి తూచాలి. నీరు పోయిన బిడ్డ ఎలాగూ తక్కువ తూగుతుంది కాబట్టి, నీరు కోలుకున్నాక మళ్లీ తూచాలి. ఎనిమిది కిలోల బిడ్డకు నాలుగు వందల గ్రాములు ఒక్క రోజులో తిరిగొస్తే అది నీరే, కండ కాదు. జబ్బ చుట్టుకొలత ఆ నీటి లెక్కకు అంతగా లొంగదు, అందుకే నాకు దాని మీద నమ్మకం. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, చేయి వదులుగా వేలాడుతుండగా, చర్మం నొక్కుకుపోకుండా టేపు చుట్టాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే అది తీవ్ర పోషకాహార లోపం. పాదాల మీద బొటనవేలితో నొక్కి చూడటం కూడా మరవకూడదు. గుంట పడి ఉండిపోతే అది వాపు. వాపున్న బిడ్డ తూకంలో బాగానే కనిపిస్తుంది.

ఇక చిక్కంతా ఇక్కడుంది. నీరు ఎంత పోయిందో తెలియడానికి పొట్ట మీద చర్మం పట్టి వదిలి చూస్తాం. కొవ్వు కరిగిపోయిన బిడ్డకు నీరు పోకపోయినా చర్మం ముడతపడే ఉంటుంది, కళ్లు లోతుకు పోయే ఉంటాయి. ఆ గుర్తులను నమ్మి సెలైన్ గబగబా ఎక్కిస్తే బలహీనపడ్డ గుండె ఆ భారం మోయలేదు. అందుకని తల్లినే అడుగుతాను: "అమ్మా, ఈ కళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా, ఈ రెండు రోజుల్లోనే ఇలా అయ్యాయా?" ఆ జవాబు విలువ చాలా పరీక్షలకు లేదు. షాక్‌లో లేని ఇలాంటి బిడ్డకు ఉప్పు తగ్గించి, పొటాషియం పెంచిన ద్రావణాన్ని చెంచాతోనో ముక్కు గొట్టంతోనో నెమ్మదిగా ఇస్తాం. తర్వాత వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలుండే పాల మిశ్రమం, రెండు గంటలకోసారి, రాత్రి కూడా. తెల్లవారుజామున ఒళ్లు చల్లబడి, చక్కెర పడిపోయే ప్రమాదం ఈ పిల్లలకే ఎక్కువ. ఆ రాత్రి పాలు తప్పకుండా పట్టే నర్సు వార్డులో నాకంటే ముఖ్యురాలు.

నీటి విషయంలో మనదేశం ప్రపంచానికే దారి చూపింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, సెలైన్ నిండుకున్నప్పుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలను నాలుగు లోపుకు దించారు. ఆ ఉప్పు, గ్లూకోజ్ మిశ్రమం పొట్లానికున్న ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టుకుని తీపి పానీయాలు మందుల దుకాణాల్లో అమ్ముడుపోతుంటే హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును అలాంటి పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. చక్కెర మోతాదు మించితే పేగు ఒంట్లోని నీటిని తనలోకి లాగేసుకుంటుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. ఆవిడకు తెలుగు తల్లులంతా రుణపడి ఉన్నారు.

తిండి విషయంలో అలాంటి పట్టుదల ఇంకా రాలేదన్నదే నా బాధ. సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు, పాలగుండ కాచి పోయడం వల్ల పొట్ట నిండినట్టుంటుంది, కండ పట్టదు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నంలో చెంచాడు నూనె, లేదా పెరుగన్నం, మెదిపిన అరటిపండు పెట్టొచ్చు. బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది, నిజమే. రెండు చెంచాలు తిని ఆపేస్తే కాసేపాగి మళ్లీ రెండు చెంచాలు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా. ఇది ఓపికతో కూడిన పని, వార్డులో దీనికి ఎవరూ ఫీజు కట్టరు, అందుకే ఎవరి చీటీలోనూ కనిపించదు.

డిశ్చార్జి రోజున తల్లిదండ్రులు ఒక్కమాట అడగండి. కాగితం మీద బిడ్డ బరువు, జబ్బ కొలత రాయించుకోండి. జింకు మందు విరేచనాలు ఆగినా సరే మొత్తం పద్నాలుగు రోజులు వేయండి. కనీసం రెండు వారాలు రోజుకు ఒక పూట తిండి అదనంగా పెట్టండి. జబ్బ కొలత 11.5 లోపు ఉందంటే, దగ్గర్లోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపమని డాక్టరును గట్టిగా అడగండి.