పహాణీలో రాత

మన మీద కథలు రాసే బయటి రచయితలకు ఒక వాక్యం బాగా అలవాటు. పంట పోయినా, బిడ్డ జ్వరంతో చనిపోయినా, చేను షావుకారు పాలైనా, కథలోని గోండు ముసలాయన ఆకాశం వైపు చూసి "మా తలరాత ఇంతే" అంటాడు. చదివినవాళ్లు నిట్టూరుస్తారు. కథ అయిపోతుంది.

తలరాత అంటే జరగబోయేది ముందే రాసి ఉందనీ, మనిషి ఏం చేసినా తప్పదనీ. మా గూడెంలో ఎవరికైనా జబ్బు చేస్తే పెద్దలు మొదట అడిగేది "ఎందుకొచ్చింది?" అని. ఏ పేన్‌కు మొక్కు మరిచామో వెతుకుతారు, కోడిని కోస్తారు. మూఢనమ్మకం అనండి. ఆస్పత్రికి ఆలస్యమవుతుందని తిట్టండి, నేనూ తిడతాను. విధివాదం మాత్రం అనకండి. తప్పదనుకున్నవాడు మొక్కడు.

ఒకవేళ ఆ ముసలాయన ఆ మాట అన్నా, ఎవరి ముందు అన్నాడో రచయిత చూడాలి. షావుకారు ముందు, ఫారెస్టు గార్డు ముందు గొడవ లేకుండా బయటపడడానికి అది పనికొచ్చే మాట.

అసలు రాత పట్వారీ దగ్గర ఉండేది. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో గోండులు దున్నుకున్న భూములకు చాలాచోట్ల కాగితం లేదు. బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకున్నారు, అటవీశాఖ హద్దులు గీసింది. పహాణీలో పేరు లేనివాడు సొంత చేనులో పరాయివాడయ్యాడు. దాని మీద తిరగబడి కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. కొందరికి పట్టాలొచ్చాయి, మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. రాసింది కొంతైనా చెరిగింది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన కొమురం భీం నవలను పిల్లలకు ఇచ్చేది అందుకే. భూమి పోవడానికి అందులో కారణం ఉంటుంది, మనుషులుంటారు.

మొన్న పదో తరగతి తప్పిన పిల్లవాడు "నా రాత ఇంతే సార్" అన్నాడు. ఆ మాట వాళ్ల తాత నేర్పింది కాదు. సినిమాలు నేర్పాయి, బడి నేర్పింది. తరగతిలో నేనే ఎన్నిసార్లు అన్నానో! వాడి బడిలో ఆ ఏడాదంతా లెక్కల సారు లేడు. ఆ సంగతే అధికారులకు దరఖాస్తుగా రాయమన్నాను. గోండిలో ఆలోచించి తెలుగులో పెట్టడానికి వాడికి రెండు రోజులు పట్టింది.